ఆర్మీ ఆర్డరు, ఒక రూపాయి, ఒక క్యూఆర్ కోడ్: ఆన్‌లైన్ బేరాల్లో ఎక్కడ జాగ్రత్తపడాలి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు వ్యాపారం, ఆర్డర్లు ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్‌లోనూ వస్తాయి. విశాఖ ఆర్మీ క్యాంపు నుంచి అంటూ ఒకాయన 40 కిలోల గుండు, అంటే విరగని పప్పు, కావాలన్నాడు, 36,000 రూపాయలు. బేరమాడలేదు. ‘మా ఖాతాకి లింకవ్వాలి, ఒక్క రూపాయి పంపండి’ అంటే పంపారు, రెండు రూపాయలు తిరిగొచ్చాయి. ఇప్పుడు క్యూఆర్ కోడ్ పెట్టి స్కాన్ చెయ్యమంటున్నాడు. చెయ్యొచ్చా? దాంతోపాటు పాత బండి అమ్మాలి, సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనాలి, ఏం చూసుకోవాలి అన్నారు.

స్కాన్ చెయ్యొద్దు. ఇది చదువుతుండగా వాడి ఫోనొస్తే ఎత్తకండి కూడా. మిగతాది నిదానంగా చదవండి.

యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదంటే బ్యాలెన్సు చూసుకోడానికి. ఆటోపే ఒప్పుకోవడమూ పంపడం కిందే లెక్క. డబ్బు రావడానికి మాత్రం మీరు చెయ్యాల్సిన పని ఒక్కటి కూడా లేదు. ఫోన్ స్విచాఫ్ చేసి పడుకున్నా రావాల్సింది ఖాతాలో పడుతుంది. క్యూఆర్ కోడ్ ఏదో పెద్ద యంత్రాంగం అనుకుంటారు గానీ, దాన్లో ఉండేది ఒక యూపీఐ ఐడీ, ఒక పేరు, కావాలంటే ఎంత మొత్తమో, ఇంకా ఒక చిన్న నోటు. ఆ నోటు దగ్గరే చాలామంది పడిపోతారు. స్కాన్ చెయ్యగానే తెర మీద ‘ఆర్మీ పేమెంట్, 36,000 రిసీవ్’ అని కనిపిస్తుంది. ఆ మాట బ్యాంకు చెప్పింది కాదు, వాడు కూర్చుని టైపు చేసుకున్నది. దాని కింద ఉండే బటన్ మాత్రం ‘పే’ అనే ఉంటుంది. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి 36,000 పోతాయి.

ఆ రూపాయికి రెండు రూపాయలు ఎందుకిచ్చాడంటే, గాలానికి ఎర కట్టినట్టు. మొదటిసారి పంపితే రెట్టింపు వచ్చింది కాబట్టి రెండోసారి పంపడానికి మీ చెయ్యి అంతగా జంకదు. ‘ఇప్పుడు 18,000 పంపండి, 36,000 వస్తాయి’ అనేది దీని తర్వాతి మెట్టు. మొదటి దెబ్బ తగిలాక ‘అయ్యో, సర్వర్ ప్రాబ్లం, ఇంకోసారి చేస్తే రెండూ కలిపి వెనక్కొస్తాయి’ అంటాడు. పోయింది రాబట్టుకుందామన్న ఆత్రంలో మనిషి రెండోసారి, మూడోసారి కూడా కొడతాడు. అందుకే ఇలాంటి కేసుల్లో నష్టం ఒక్క విడతతో ఆగదు. వాడికి మీ జీడిపప్పుతో పనిలేదు. మీ వేలితోనే పని. అమ్మకంలో జరిగే మోసాల్లో చాలావరకు మీ చేత ఏదో ఒకటి నొక్కించడం కోసమే.

ఆర్మీ వేషమే ఎందుకు అంటే, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్యంలో ఒకరైనా లేని ఊరు వెతకాలి. యూనిఫాం ఫొటో చూడగానే మనవాడే అనిపిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు, ఆధార్ నిజమైనవే కావొచ్చు. ఇంతకుముందు ఇంకెవరో అమాయకుడి దగ్గర పుచ్చుకున్న ఫొటోలవి. అసలు యూనిట్లు సరుకు కొనే తీరు వేరు: కొటేషనో, టెండరో, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టలో ఉంటుంది, బిల్లు పెట్టాలి, డబ్బు తర్వాత వస్తుంది. ‘అకౌంటెంట్ సార్ వీడియో కాల్‌లో ఉంటారు, మీరు ఫోన్‌పే తెరవండి’ అనే పద్ధతి ఏ దండులోనూ లేదు.

ఇంకో చిన్న పరీక్ష మీ వ్యాపారంలోనే ఉంది. జీడిపప్పు కొనేవాడు రేటు కంటే ముందు గ్రేడు అడుగుతాడు: 240 ఆ, 320 ఆ? బద్ద ఎంత కలిసింది? తేమ ఎంత? ఆ అంకె పౌనుకి, అంటే 454 గ్రాములకి, వచ్చే గుండ్ల లెక్క. 240 గ్రేడులో వంద గ్రాములు తూస్తే 48 నుంచి 53 గుండ్లు రావాలి, 320 అయితే 66 నుంచి 70. ‘మీకు 240 కావాలా 210 ఆ’ అని మీరే అడిగి చూడండి. ‘ఏదైనా పర్లేదు, బెస్ట్ క్వాలిటీ పెట్టండి, పేమెంట్ ఇప్పుడే చేస్తాను’ అన్నాడంటే వాడు తినడానికీ కొనడం లేదు, అమ్మడానికీ కొనడం లేదు. ఏ సరుకైనా అంతే. పొందూరు ఖాదీ కావాలనేవాడు నూలు కౌంటు గురించి, బండి కావాలనేవాడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, టైర్లు ఎలా ఉన్నాయో అడగాలి. చూడకుండా, అడగకుండా, బేరమాడకుండా తొందరపడేవాణ్ణి మొదటి నిమిషంలోనే వదిలెయ్యండి.

ఇదే మోసానికి మిగతా వేషాలు కొన్ని. వ్యక్తి నుంచి వ్యక్తికి డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టుల్ని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది, కాబట్టి ఆ దారి మూసుకుంది. వ్యాపార ఖాతాల నుంచి వచ్చే రిక్వెస్టులు మాత్రం ఉన్నాయి, అవి మీరు కొన్నవాటికే రావాలి. ‘5,000 బదులు పొరపాటున 50,000 పడింది, మిగతాది వెనక్కి పంపండి, ఆస్పత్రిలో ఉన్నాం’ అని ఏడుపు గొంతుతో ఫోనొస్తుంది, కూడా ఒక మెసేజ్ ఉంటుంది. ఆ మెసేజ్ ఎవరు పంపారో పైన చూడండి. బ్యాంకు మెసేజ్ హెడర్ నుంచి, అంటే నంబరు బదులు అక్షరాలతో ఉండే పేరు నుంచి వస్తుంది, పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు. హెడర్ సరిగ్గానే ఉన్నా మెసేజ్‌ని నమ్మకండి, బ్యాంకు యాప్ తెరిచి స్టేట్‌మెంట్‌లో ఆ పద్దు ఉందో లేదో చూడండి. నిజంగానే ఎవరి డబ్బైనా పొరపాటున పడితే మీ చేత్తో మీరు తిప్పి పంపకండి. ‘మీ బ్యాంకులో చెప్పుకోండి, మా బ్యాంకు అడిగితే ఒప్పుకుంటాను’ అనండి, మీ బ్రాంచికి ఒక ఉత్తరం ఇవ్వండి.

కౌంటర్ దగ్గర చూపించే స్క్రీన్‌షాట్ కూడా అలాంటిదే. పచ్చ టిక్కు, మీ పేరు, టింగుమనే చప్పుడుతో సహా నకిలీ చేసే యాప్‌లు ఉన్నాయి. కస్టమర్ ఫోన్‌లో ఏం కనబడిందన్నది మీకు అనవసరం. మీ సౌండ్‌బాక్స్ పలకాలి, లేదా మీ ఖాతాలో పడాలి. పండగ రద్దీలో సౌండ్‌బాక్స్ పలికింది ఎవరి డబ్బుకో తెలియకపోతే యూటీఆర్ అని ఉండే 12 అంకెల లావాదేవీ నంబరులో చివరి నాలుగు అడిగి మీ వైపు పోల్చుకోండి.

‘ఆర్డర్ లిస్టు’ అనో ‘ఆర్టీవో చలానా’ అనో వాట్సాప్‌లో ఫైలు వస్తే దాని పేరు చివర చూడండి. ‘ఏపీకే’ అని ఉంటే అది కాగితం కాదు, యాప్. వేసుకుని అడిగిన అనుమతులన్నీ ఇచ్చారంటే మీ మెసేజ్‌లన్నీ, ఓటీపీలతో సహా, అవతలికి పోతాయి. ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా అదే సంగతి. పొరపాటున వేసుకుంటే ముందు డేటా, వైఫై ఆపి, ఆ తర్వాత యాప్ తీసెయ్యండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి నెట్‌బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి.

నిజమైన పెద్ద ఆర్డరు వస్తే ఎలా తెలుసుకోవాలి? జీఎస్టీ నంబరు అడగండి. 15 అక్షరాలుంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడు: మనది 37, తెలంగాణ 36, ఒడిశా 21. ఆ తర్వాతి పది అక్షరాలు వాళ్ల పాన్. జీఎస్టీ సైట్‌లో లాగిన్ లేకుండానే ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’లో కొడితే పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉందో లేదో కనబడతాయి. బరంపురం పార్టీనని చెప్పి 07తో మొదలయ్యే ఢిల్లీ నంబరు ఇస్తే ఎందుకో అడగాలి. నంబరు నిజమైనదే, అడిగినవాడు దొంగ అయ్యే అవకాశం కూడా ఉంది. అందుకని ఆ కంపెనీ బోర్డు మీదో, పాత బిల్లు మీదో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేసి ‘మీరే అడిగారా’ అని కనుక్కోండి. డబ్బు ఖాతాలో పడ్డాకే సరుకు కదలాలి. చెక్కు వేశాం అని స్లిప్పు ఫొటో పెడితే ఆ చెక్కు క్లియరయ్యేదాకా ఆగండి. ఆర్టీసీ కార్గో రసీదు గానీ లారీ రసీదు గానీ దాచండి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు తప్పదు.

ఇక్కడ చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. డబ్బు నిజంగా పడుతుంది, సరుకు వెళ్లిపోతుంది, పది రోజులకి మీ ఖాతా ఆగిపోతుంది. ఏం జరిగిందంటే, మీకు వచ్చిన డబ్బు ఎక్కడో ఇంకొకరి దగ్గర కొట్టేసింది. వాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆ డబ్బు వెళ్లిన ఖాతాలన్నిటినీ ఒకదాని వెంట ఒకటి పట్టుకుంటూ మీదాకా వస్తారు. అందుకే కొన్నవాడి పేరు, డబ్బు పంపిన ఖాతా పేరు ఒకటేనా చూడండి. ‘మా ఫ్రెండ్ పంపుతాడు’, ‘మూడు ఖాతాల నుంచి ముక్కలుగా వస్తుంది’ అంటే వద్దనండి. ప్రతి అమ్మకానికీ బిల్లు, చాట్, రవాణా రసీదు ఒకచోట పెట్టుకోండి. ఖాతా ఆగితే బ్రాంచిలో ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ స్టేషన్ అన్నది రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితాలు అక్కడికి మెయిల్ చేసి, మొత్తం ఖాతా కాకుండా వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపమని కోరండి. వ్యాపారం ఖాతా వేరు, ఇంటి పొదుపు ఖాతా వేరు పెట్టుకుంటే ఇలాంటప్పుడు పొయ్యిలో పిల్లి పడుకోదు.

ఇక బండి. ఓఎల్‌ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టగానే ఆర్మీ ఫోన్లు దీనికీ వస్తాయి, వాటి సంగతి చెప్పుకున్నాం. బండి దగ్గర అసలు భయపడాల్సింది మూడో మనిషి గురించి. మీరు 45,000కి పెట్టిన బండి ఫొటోల్ని ఒకడు దింపుకుని, తన పేరు మీద 30,000కి ఇంకోచోట పెడతాడు. మీకు ఫోన్ చేసి ‘45 ఓకే. మా బావమరిది వచ్చి చూస్తాడు, రేటు సంగతి వాడి దగ్గర ఎత్తకండి, మా మధ్య లెక్కలున్నాయి’ అంటాడు. చూడ్డానికొచ్చిన మనిషికి ‘అక్కడ ఉండేది మా అన్నయ్య, డబ్బు విషయం నాతోనే మాట్లాడండి’ అని చెప్పి ఉంటాడు. ఇద్దరూ బండి చూసుకుంటారు, రేటు మాట ఎత్తరు, ఆయన వీడి ఖాతాకి 30,000 కొడతాడు. తర్వాత ఆయన తాళం ఇవ్వమంటాడు, మీరు డబ్బేదీ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, ఇద్దరూ కొట్టుకుంటారు, మధ్యవాడి ఫోన్ స్విచాఫ్. దీనికి మందు చాలా చవక. ఎదురుగా నిలబడ్డ మనిషిని మొదటి మాటే ‘మీకు ఎంతకి చెప్పారండీ? డబ్బు ఎవరికి పంపుతున్నారు?’ అని అడగండి. రేటు మాట్లాడొద్దని ఎవరైనా అన్నారంటే, మాట్లాడి తీరాలన్నమాట.

బండి ఇచ్చేటప్పుడు పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు, కొన్నవాడి ఆధార్ నకలు, తేదీతో పాటు గంట, నిమిషం రాసిన డెలివరీ కాగితం ఉండాలి. గంట ఎందుకంటే ఆ సాయంత్రమే ఆమదాలవలస రోడ్డులో ఎవరినైనా గుద్దితే ఆ కాగితమే మీకు ఆధారం. అమ్మిన సంగతి అమ్మినవాళ్లే 14 రోజుల్లోపు రవాణా శాఖకి తెలియజెయ్యాలి. ‘నేను మార్పించుకుంటాలెండి’ అన్న మాట మీద వదిలేస్తే చలానాలు మీ పేరు మీదే వస్తుంటాయి. ఫైనాన్సు తీరిపోయినా ఆర్సీలో పేరు ఉండిపోయిందేమో చూసుకోండి. ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆ పేరు తీయించే ఫారం 35 కావాలి. కొనేవాళ్లయితే రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి ఫైనాన్సు, ఇన్సూరెన్సు, యజమాని వివరాలు ముందే చూడాలి. ఏపీ 30, ఏపీ 35 నంబర్లున్న పాత బండ్లు చాలా చేతులు మారి ఉంటాయి, ఆర్సీలో పేరున్న మనిషే ఎదురుగా ఉన్నాడా అన్నది ముఖ్యం. కలవడం పగటిపూట, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి లాంటి రద్దీ చోట గానీ, ఇంకా మేలు మీ బ్యాంకు బ్రాంచి లోపల గానీ. విజయనగరం అయితే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర. నగదు తీసుకుంటే అక్కడే కౌంటర్‌లో జమ చేసేస్తే దొంగనోటు బెంగ కూడా ఉండదు.

ఫోన్ కొనేటప్పుడు అడ్వాన్సు పంపకండి. ‘ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, 500 వేస్తే ఆపుతాను’ అన్నవాడి దగ్గర చాలాసార్లు ఫోనే ఉండదు. చేతిలోకి తీసుకుని స్టార్, హ్యాష్, సున్నా ఆరు, హ్యాష్ కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. పెట్టె మీద, బిల్లు మీద ఉన్నదానితో పోల్చండి. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు రాసి 14422కి మెసేజ్ పెట్టండి. టెలికాం శాఖ సంచార్ సాథీ యాప్‌లోనూ చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్, ఆల్రెడీ ఇన్ యూజ్, ఈ మూడింట్లో ఏది వచ్చినా డబ్బు తియ్యకండి. దొంగ ఫోన్ అయితే తర్వాత పోలీసులు మీ ఇంటికే వస్తారు. అన్నీ బాగుంటే పాత యజమాని చేత మీ ఎదుటే గూగుల్ ఖాతా తీయించి రీసెట్ చేయించండి. ఐఫోన్ అయితే ‘ఫైండ్ మై’ ఆపించాలి, లేదంటే రేపు అది అద్దం ముక్కతో సమానం.

కొత్త సరుకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫేస్‌బుక్ ప్రకటనలో సగం రేటు కనిపిస్తే ఆ పేజీ ‘ట్రాన్స్‌పరెన్సీ’లో ఎప్పుడు తెరిచారో, ముందు ఏ పేరుండేదో చూడండి. నిన్నటిదాకా వంటల పేజీ, ఈ రోజు ఫ్రిజ్‌ల దుకాణం అయితే సంగతి తెలిసిపోతుంది. పార్సెల్ రాగానే చిరునామా లేబుల్ నుంచి మొదలుపెట్టి లోపలి వస్తువు దాకా ఆపకుండా ఒకే వీడియో తియ్యండి, లేబుల్ మీద బరువు వేసి ఉంటే అది కూడా కనబడాలి. మధ్యలో కట్ చేసిన వీడియో గొడవప్పుడు నిలవదు. ఆర్డరే లేని క్యాష్ ఆన్ డెలివరీ పార్సెల్ ‘మీ అబ్బాయి పెట్టాడట’ అని వస్తే ఇంట్లో పెద్దవాళ్లు తీసుకోకుండా చెప్పి ఉంచండి. డెలివరీ కుర్రాడు ‘క్యాన్సిల్‌కి ఓటీపీ చెప్పండి’ అన్నా అంతే, చెప్పొద్దు. ఇక కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకడం ఈ రోజుల్లో అన్నిటికంటే చెడ్డ అలవాటు. నంబరు యాప్ లోపలే తీసుకోండి. కంపెనీ పట్టించుకోకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే శ్రీకాకుళంలో, విజయనగరంలో జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది.

డబ్బు పోతే ముందు చెయ్యాల్సింది 1930కి ఫోన్. స్టేషన్‌కి వెళ్లడం, చుట్టాల్ని అడగడం ఆ తర్వాత. దొంగ ఆ డబ్బుని నిమిషాల్లో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకి తోసి చివరికి ఏటీఎంలో తీసేస్తాడు. తియ్యకముందు పట్టుకుంటేనే ఆగుతుంది. ఫోన్ చేసేముందు నాలుగు వివరాలు కాగితం మీద పెట్టుకోండి: 12 అంకెల యూటీఆర్, తేదీ-సమయం, మీ ఖాతా నంబరు, వాడి ఫోన్ నంబరు లేదా యూపీఐ ఐడీ. ఇంకొకరు అదే సమయంలో మీ బ్యాంకుకి ఫోన్ చెయ్యాలి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు పెట్టి, వచ్చిన నంబరు రాసుకోండి. చాట్ చెరిపెయ్యకండి, అవమానంగా అనిపించినా అదే మీ సాక్ష్యం.

మీ ప్రమేయమే లేకుండా డబ్బు పోయి, తప్పు బ్యాంకుదీ మీదీ కాకపోతే, మూడు పనిదినాల్లో తెలియజేస్తే మీకు నష్టం లేదని రిజర్వు బ్యాంకు 2017 నియమం. కానీ పిన్ మీరే కొట్టారంటే ఆ రక్షణ దాదాపు పనిచెయ్యదు. వాడికి మీ వేలితోనే పని అని చెప్పింది అందుకే. ఫిర్యాదుకి బ్యాంకు 30 రోజుల్లో సరైన జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా రాయొచ్చు. ‘పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి’ అనేవాళ్లు ఆ దొంగల తమ్ముళ్లే.

మీ విషయానికొస్తే, మీకు వచ్చిన రెండు రూపాయలు ఎవరి ఖాతా నుంచి వచ్చాయో స్టేట్‌మెంట్‌లో పేరు చూడండి. చెప్పిన ఆర్మీ పేరు, ఆ పేరు కలవవు, పందెం. ఆ పేరు, యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి, సంచార్ సాథీలో మోసపు ఫోన్లు, మెసేజ్‌లు తెలియజేసే చోటైన చక్షులో రిపోర్టు చేసి, యాప్‌లోనూ వాట్సాప్‌లోనూ బ్లాక్ కొట్టండి. ఆ రెండు రూపాయలు వెనక్కి పంపాలన్న మర్యాద పెట్టుకోకండి. 40 కిలోలూ ఇప్పటికే డబ్బాల్లోకి ఎక్కించేసి ఉంటే సీలు విప్పకండి, గాలి తగిలితే మెత్తబడుతుంది. గ్రేడు, ప్యాకింగ్ తేదీ రాసి పక్కన పెట్టండి, గ్రేడు అడిగి కొనేవాళ్లకి పనికొస్తుంది.